‘ఇదీ ఫేక్ న్యూసే కదా మేడమ్?’: కల్చర్ జామింగ్ గురించి అపోహలు, వాస్తవాలు

డిగ్రీ కాలేజీల్లో వర్క్‌షాపులు పెట్టి, ప్రకటనలకు పేరడీలు చేయడం పిల్లలకు నేర్పిస్తుంటాను. ఇలా కంపెనీల ప్రకటనల్నీ, మాటతీరునీ అనుకరించి వాళ్ళమీదికే తిప్పికొట్టడాన్నే కల్చర్ జామింగ్ అంటారు. ఎక్కడికెళ్ళినా అరగంట తిరక్కుండానే ఎవరో ఒకరు లేచి అడుగుతారు: "ఇదీ ఫేక్ న్యూసే కదా మేడమ్?" పోయిన వారం ఒక లెక్చరర్‌గారే అడిగారు. ఇక రాయక తప్పదనిపించింది.

అపోహ: కల్చర్ జామింగ్, పుకారు రెండూ ఒకటే. జనాన్ని బోల్తా కొట్టించడమే పని.

వాస్తవం: పుకారు పుట్టించినవాడు తన పేరు బయటపడకూడదనుకుంటాడు. కల్చర్ జామింగ్‌లో ప్రాంక్, అంటే ఉత్తుత్తి నాటకం, ఆడినవాడు తనంతట తానే వచ్చి "మేమే చేశాం, ఫలానా దానికోసం చేశాం" అని చెప్తాడు. ఆ గుట్టు విప్పే క్షణం కోసమే మిగతా శ్రమంతా. అది లేకపోతే ఎంత మంచి ఉద్దేశమైనా మోసం కిందే లెక్క.

భోపాల్ సంగతే తీసుకోండి. 2004 డిసెంబరు 3, గ్యాస్ దుర్ఘటనకు 20 ఏళ్ళు నిండిన రోజు. యూనియన్ కార్బైడ్‌ను 2001లో కొనేసిన డౌ కెమికల్ ప్రతినిధినంటూ జూడ్ ఫినిస్టెరా అనే ఆయన బీబీసీ వరల్డ్‌లో కనిపించాడు. కార్బైడ్‌ను అమ్మేసి, 1,200 కోట్ల డాలర్లతో బాధితులకు పరిహారం ఇస్తాం, ఫ్యాక్టరీ స్థలాన్ని శుభ్రం చేస్తాం అన్నాడు. 1989లో కార్బైడ్ ఇచ్చి చేతులు దులుపుకుంది 47 కోట్ల డాలర్లు. ఆయన డౌ మనిషి కాదు. ‘ది యెస్ మెన్’ అనే అమెరికన్ జట్టువాడు. వాళ్ళు డౌ పేరుతో పెట్టిన నకిలీ వెబ్‌సైటు అసలుదే అనుకుని బీబీసీయే ఇంటర్వ్యూకి పిలిచింది.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో డౌ షేరు 23 నిమిషాల్లో 4 శాతానికి పైగా పడింది. దాదాపు 200 కోట్ల డాలర్ల విలువ. బాధితులకు న్యాయం చేస్తామన్న మాటకే మార్కెట్ అంతగా బెదిరింది! కాసేపటికే డౌ ఖండించక తప్పలేదు. ఖండించడమంటే, అలాంటి పరిహారమేదీ ఇవ్వడం లేదని తన నోటితోనే లోకానికి చెప్పడం.  అసలు నిజం తేలాక షేరు మళ్ళీ కోలుకుంది.

మరి ఆ కాసేపూ భోపాల్‌లో ఆశపడ్డవాళ్ళ మాటేమిటి? యెస్ మెన్‌ను అందరూ నిలదీసింది దీనిమీదే. నేనూ దాటేయలేను, నా చేతుల మీదుగా అలాంటిదే జరిగింది కాబట్టి.

రెండేళ్ళ కిందట మా పిల్లలు ఒక ఉత్తుత్తి ఇంటర్ కాలేజీ పేరుతో అడ్మిషన్ల కరపత్రం చేశారు. పసుపు కాగితం, ఎర్రక్షరాలు, పాస్‌పోర్ట్ ఫొటోల వరస, అచ్చం అసలుదే. "ఆదివారం సెలవు. రాత్రి పదికి లైట్లు ఆర్పేస్తాం. ర్యాంకు రాని పిల్లల ఫొటోలు కూడా వేస్తాం." వెనక్కి తిప్పితే, "ఇలాంటి కాలేజీ లేదు. ఎందుకు లేదో అడగండి." ఎవరో ముందువైపు మాత్రమే ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. మూడోరోజు ఒక తండ్రి ఎలాగో నా నంబరు పట్టుకుని ఫోన్ చేశాడు. "మేడమ్, మా పాప హాస్టల్లో అన్నం తినట్లేదంట. మీ కాలేజీలో సీటుందా?" నిజం చెప్పాక చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "అట్టాగా, సరేనమ్మా" అని పెట్టేశాడు. ఆ పూట నాకు ముద్ద దిగలేదు. కార్పొరేట్ కాలేజీలకు గురిపెట్టింది పోయి ఆయనకు తగిలింది. అప్పటినుంచి అసలు మాట ముందువైపే, నడిమధ్యలో, అంతే పెద్ద అక్షరాల్లో ఉండాలన్నది మా నియమం. కత్తిరించినా పోకూడదు.

అపోహ: ఇది తెల్లవాళ్ళ ఫ్యాషన్.

వాస్తవం: పేరు వాళ్ళది. వేషం కట్టి వీధిలోనే పెద్దమనుషుల్ని ఎండగట్టిన పగటివేషగాళ్ళు మనకు లేరా?

అపోహ: ఏం చేసినా కేసే.

వాస్తవం: ఎవరిదో హోర్డింగ్ ఎక్కి రంగు పూస్తే కేసు పడుతుంది, అందులో అనుమానం లేదు. పేరడీ సంగతి వేరు. ఒడిశాలో టాటా స్టీల్ భాగస్వామిగా కట్టిన ధామ్రా రేవు వల్ల తాబేళ్ళకు ముప్పంటూ పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ ‘టర్టిల్ వర్సెస్ టాటా’ అనే ఆన్‌లైన్ గేమ్ పెడితే, ఆపించాలని టాటా సన్స్ కోర్టుకెళ్ళింది. కేసు తేలేదాకా గేమ్ ఆపమని మధ్యంతర ఉత్తర్వు ఇవ్వడానికి 2011 జనవరిలో ఢిల్లీ హైకోర్టు ఒప్పుకోలేదు.

టెన్షన్ పడే తల్లిదండ్రులకు నేను చెప్పేది ఇదే: మీ పిల్లలు చేసిన పోస్టరు ఒకసారి అడిగి చూడండి. దానిమీద వాళ్ళ పేరుందా? డబ్బు గానీ, ఫోన్ నంబర్లు గానీ ఎవరినైనా అడుగుతున్నారా? ప్రింటుకిచ్చే ముందు తెలిసిన లాయరుకు చూపించారా? మా పిల్లల పోస్టర్లన్నీ అలా చూపించాకే ప్రెస్సుకు వెళ్తాయి.