గుర్రం ఒంటిమీద రంగు పట్టీ: ఒక చికిత్స వెనకున్న కథ

యూరప్, అమెరికాల్లో గుర్రాలను పెంచేవాళ్ల శాలల్లోకి వెళితే కొన్ని గుర్రాల ఒంటిమీద నీలం, గులాబి, నలుపు రంగుల్లో పొడవాటి పట్టీలు కనిపిస్తాయి. మెడ పక్కనుంచి భుజం మీదికి ఒకటి, వెన్నుకు అటూ ఇటూ రెండు, వాచిన కాలి మీద సన్నని పాయలుగా చీల్చి అంటించినది ఇంకొకటి. క్రీడాకారుల భుజాల మీదా మోకాళ్ల మీదా మనం టీవీలో చూసే కైనీషియాలజీ టేపే ఇది. నొప్పి తగ్గిస్తుందని, వాపు లాగేస్తుందని, బిగుసుకున్న కండరాన్ని వదులు చేస్తుందని, గుర్రం అడుగు బారుగా పడేలా చేస్తుందని వాడేవాళ్లు చెబుతారు. దీన్ని నేర్పే కోర్సులున్నాయి. గుర్రాల కోసమే తయారుచేసిన టేపు చుట్టలూ దొరుకుతున్నాయి.

ఇందులో నిజమెంత అన్న ప్రశ్నకు జవాబు కావాలంటే టేపు పుట్టుక కన్నా వెనక్కి వెళ్లాలి. నోరులేని జంతువుకు మనమే వైద్యం చేసి, అది కోలుకుందో లేదో మన కంటితో మనమే తేల్చుకోవడం చాలా పాత అలవాటు. ఆ అలవాటు వల్ల గుర్రాలు పడ్డ బాధ తక్కువది కాదు.

అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ వాతలు. మన పల్లెల్లో ఎద్దు కాలు వాచినా, మెడ కాసినా ఇనుప కడ్డీ ఎర్రగా కాల్చి వాతలు పెట్టడం పెద్దవాళ్లు చూసే ఉంటారు. గుర్రాలకూ వందల ఏళ్లు అదే చేశారు, అదీ ఒక్క దేశంలో కాదు. పందెం గుర్రం ముందుకాలి వెనక భాగంలో ఉండే స్నాయుబంధకం, అంటే కండరాన్ని ఎముకకు కలిపే టెండాన్, దౌడులో సాగి చిరగడం చాలా మామూలు గాయం. అలా దెబ్బతిన్న కాలి మీద కాల్చిన ఇనుముతో గీతలు గీయడమో, చుక్కలుగా పొడవడమో బ్రిటన్‌లో నిన్న మొన్నటి దాకా చదువుకున్న పశువైద్యులు కూడా చేసిన పని. దానికొక సమర్థన ఉండేది: కాలిన చర్మం మచ్చకట్టి గట్టిపడి, లోపలి టెండాన్‌కు శాశ్వతమైన కట్టులా పనిచేస్తుందని. వాత పెట్టిన గుర్రాల్లో చాలా వరకు మళ్లీ పరుగెత్తేవి కూడా. కాబట్టి నమ్మకం బలపడింది.

బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో ఇయాన్ సిల్వర్ బృందం ఈ నమ్మకాన్ని ప్రయోగశాలకు తీసుకెళ్లింది. దెబ్బతిన్న టెండాన్లు ఎలా మానుతున్నాయో వాత పెట్టినవాటిలోనూ పెట్టనివాటిలోనూ పోల్చి చూసి, ఫలితాలను 1983లో ప్రచురించింది. వాత వల్ల టెండాన్ మానడానికి మేలేమీ జరగలేదు, చర్మం బలపడనూ లేదు. మరి గుర్రాలు ఎలా కోలుకున్నట్టు? వాత పెట్టాక పుళ్లు మానేదాకా గుర్రాన్ని నెలల తరబడి పనికి పెట్టేవాళ్లు కాదు. నయం చేసింది ఆ విశ్రాంతి. పేరు మాత్రం కాల్చిన ఇనుముకు వచ్చింది. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ వెటర్నరీ సర్జన్స్ 1991లో ఈ పద్ధతి వృత్తి ధర్మానికి విరుద్ధమని ప్రకటించింది. పరిశోధన వచ్చాక కూడా ఆ మాట అనడానికి ఎనిమిదేళ్లు పట్టింది. తరతరాలుగా వాతలు పెట్టిన ఆ వైద్యులు క్రూరులని నేననను. వాళ్లు చూసింది నిజమే, గుర్రం కోలుకుంది. కోలుకోవడానికి కారణం ఏమిటన్న దగ్గరే పొరబాటు జరిగింది. టేపు గురించి మాట్లాడేటప్పుడు నాకు పదే పదే గుర్తొచ్చేది ఈ సంగతే.

గుర్రానికి ఫిజియోథెరపీ అన్న ఆలోచనకు దారివేసినవాళ్లలో చార్లెస్ స్ట్రాంగ్ అనే బ్రిటిష్ ఫిజియోథెరపిస్టును ముందుగా చెప్పుకోవాలి. ఆయన దగ్గర చికిత్స పొందినవాళ్లలో లార్డ్ మౌంట్‌బాటన్ ఒకరు. మనుషుల కండరాలకు సన్నని విద్యుత్తు పెట్టి కదిలించే పద్ధతిని మౌంట్‌బాటన్‌కు చెందిన పోలో గుర్రాల మీద ప్రయోగించి స్ట్రాంగ్ పేరు తెచ్చుకున్నాడు. మనిషికి పనిచేసింది గుర్రానికీ పనిచేయాలి అన్న తర్కం అప్పుడే స్థిరపడింది. బ్రిటన్ చట్టం 1962లో దీనికొక హద్దు గీసింది: పశువైద్యుడు పరీక్షించి, రోగమేమిటో తేల్చి, ఆయన చెప్పిన మేరకే జంతువుకు ఫిజియోథెరపీ చేయాలి. ఆ ఉత్తర్వును 2015లో కొత్తగా రాసినప్పుడు కూడా ఈ సూత్రాన్ని అలాగే ఉంచారు.

ఇక టేపు విషయం. జపాన్‌కు చెందిన కైరోప్రాక్టర్ (వెన్నునూ కీళ్లనూ చేతులతో సరిచేసే చికిత్సకుడు) కెంజో కాసె 1970లలో దీన్ని రూపొందించాడు. అప్పటిదాకా క్రీడాకారులు వాడిన టేపు కీలును కదలకుండా బిగించేది. కాసె దానికి తలకిందులుగా ఆలోచించాడు: కదలికను ఆపకుండా, చర్మంతో పాటు సాగే పట్టీ కావాలని. నూలు బట్టలో సాగే దారం కలిపి, వెనక వేడికి అంటుకునే అక్రిలిక్ జిగురును అలలు అలలుగా పూశాడు. పట్టీ చర్మాన్ని కొద్దిగా పైకి లేపుతుందని, దానివల్ల కింద రక్తానికీ, లింఫ్ అనే శోషరసానికీ దారి ఏర్పడుతుందని, నొప్పి సంకేతాలు తగ్గుతాయని ఆయన సిద్ధాంతం. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో జపాన్ క్రీడాకారుల మీద అది ప్రపంచం కంట పడింది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కు కంపెనీ వేల చుట్టలను వివిధ దేశాల జట్లకు ఉచితంగా పంచింది. అమెరికా బీచ్ వాలీబాల్ క్రీడాకారిణి కెర్రీ వాల్ష్ భుజం మీద నల్లటి టేపుతో ఆడి బంగారు పతకం గెలిచింది. ఏ ప్రకటన కూడా చేయలేని ప్రచారం ఆ ఒక్క ఫొటో చేసింది. ఆ తర్వాత టేపు మందుల దుకాణాలదాకా వచ్చేసింది.

మనుషుల మీద జరిగిన పరీక్షల ఫలితాలు మాత్రం అంత మెరుపుగా లేవు. అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2012లో, మరొకటి 2014లో వచ్చాయి. ఉన్నా లేనట్టున్న ప్రయోజనానికి మించి బలమైన ఆధారం దొరకలేదన్నదే వాటి సారాంశం. టేపు కట్టించుకున్న మనిషికి కనీసం ధైర్యమైనా వస్తుంది కదా అనొచ్చు. ఆ ధైర్యం కూడా ఆటలో కొంత పనిచేస్తుంది. గుర్రానికి ఆ సంగతి తెలియదు. అందుకే టేపు అసలు బలమెంతో తేల్చడానికి గుర్రమే మంచి చోటు అని కొందరు పరిశోధకులు అనుకున్నారు.

గుర్రం శరీరం మన శరీరం లాంటిది కాదు. అక్కడే చిక్కంతా ఉంది, ఆసక్తి కూడా అక్కడే. టేపు మనిషికి నేరుగా చర్మానికి అంటుకుంటుంది, గుర్రానికి వెంట్రుకలకు అంటుకుంటుంది. చలికాలపు దట్టమైన బొచ్చు మీదైతే గంటల్లో ఊడిపోవచ్చు. జిగురు పట్టాలంటే దుమ్మూ చెమటా లేకుండా తుడవాలి, కొన్నిచోట్ల బొచ్చు కత్తిరించాలి. అంటించాక అరచేత్తో రుద్ది వేడి పుట్టించాలి. దానికితోడు ఆ దేహం బరువు సుమారు 500 కిలోలు. అంత పెద్ద దేహం నడకను పలచటి బట్టపట్టీ లాగి మార్చగలదా అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది.

టేపు సమర్థకుల దగ్గర దీనికి ఒక జవాబుంది, అది కొట్టిపారేయదగ్గది కాదు. గుర్రం చర్మం చాలా సున్నితం. ఈగ వాలినా తెలుస్తుంది, వాలిన చోటే చర్మం జలదరిస్తుంది. చర్మం కిందే పరుచుకున్న ఒక పలచటి కండరం ఆ పని చేస్తుంది, మనిషికి అలాంటిది దాదాపు లేదు. కాబట్టి టేపు కండరాన్ని లాగనక్కర్లేదు, చర్మం ద్వారా నరాలకు కబురు పంపితే చాలు, గుర్రం తన నడకను తానే సర్దుకుంటుంది అంటారు వాళ్లు. ఇటలీకి చెందిన పశువైద్యురాలు సిబిల్ మోలె 2016లో ఒక పశువైద్య పత్రికలో పందెపు, పోటీ గుర్రాలకు టేపు వాడే పద్ధతిని ఇలాంటి వివరణలతోనే రాసింది. కాళ్ల వాపు విషయంలోనూ ఒక వాదన ఉంది. గుర్రానికి మోకాలి కింద కండరం లేదు, టెండాన్లూ ఎముకలే. అక్కడి ద్రవం పైకి రావాలంటే గిట్ట నేలను తాకుతూ కాలు కదలాలి. శాలలో రాత్రంతా కట్టేస్తే చాలా గుర్రాల కాళ్లు తెల్లారేసరికి ఉబ్బుతాయి. పాయలుగా చీల్చిన టేపు ఆ ద్రవానికి దారి చూపుతుందని చెబుతారు. ఆ గుర్రాన్ని పావుగంట నడిపిస్తే ఉబ్బు దానంతటదే దిగడం కూడా గుర్రాల ఆలనాపాలనా చూసే ప్రతి సైసుకూ తెలుసు.

కొలిచి చూసినవాళ్లు ఏం కనుక్కున్నారు? వియన్నా పశువైద్య విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో 19 గుర్రాల మీద చేసిన అధ్యయనం ప్రచురించారు. మెడనుంచి భుజానికి దిగే కండరం మీదా, ముందుకాలిని చాపే కండరం మీదా టేపు వేసి, కాలు కదిలే దారినీ కండరంలో పుట్టే విద్యుత్తునూ కొలిచారు. తేడా కనిపించలేదు. 2020లో వచ్చిన మరో అధ్యయనం 8 గుర్రాలు ట్రాట్ (నడకకూ దౌడుకూ మధ్య వేగం) చేస్తున్నప్పుడు వీపు వంగి సాగే తీరును చూసింది. అక్కడా చెప్పుకోదగ్గ మార్పు లేదు. 2022లో ఫ్రాన్స్‌నుంచి వచ్చిన పరిశోధన మాత్రం వేరే మాట చెప్పింది: పొట్ట కండరాల మీద బిగువుగా టేపు వేస్తే ట్రాట్‌లో ముందుకూ వెనక్కూ సాగే చలనం పెరిగిందని. ఇవన్నీ తక్కువ గుర్రాలతో, ఎక్కువగా ఆరోగ్యంగా ఉన్నవాటితో, కొద్దిసేపు చేసిన పరీక్షలు. నడకలో కాస్త మార్పు రావడం వేరు, నొప్పి తగ్గడం వేరు. అసలు నొప్పితో ఉన్న గుర్రానికి టేపు ఉపశమనం ఇస్తుందా అన్నది తేల్చాలంటే ఇంతకన్నా పెద్ద పరీక్షలు కావాలి. వాత కథతో పోలిస్తే ఒక్కటి మెరుగు: టేపును కొన్ని దశాబ్దాల్లోనే కొలతకు పెట్టారు. వాతకు శతాబ్దాలు పట్టింది.

మరి టేపు వేసిన గుర్రం బాగుందని అంతమంది ఎందుకంటారు? వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. మన కన్నే అంత నికరమైనది కాదు. అమెరికాలో కెవిన్ కీగన్ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో అనుభవజ్ఞులైన పశువైద్యులే 131 గుర్రాలను చూశారు. కుంటు స్పష్టంగా ఉంటే 93 శాతం ఏకాభిప్రాయం కుదిరింది. కుంటు చాలా స్వల్పంగా ఉన్నప్పుడు ఆ కాలు కుంటుతోందా లేదా అన్నదాని మీద 62 శాతమే. నిపుణుల సంగతే ఇదైతే, ప్రేమతో పెంచుకున్న యజమాని సంగతి చెప్పనక్కర్లేదు. మినెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో కీళ్ల అరుగుదల ఉన్న కుక్కల మీద ఇదే విషయం చూపించారు. ఉత్తుత్తి మందు ఇచ్చిన కుక్కలు కూడా బాగుపడ్డాయని చాలామంది యజమానులూ పశువైద్యులూ నమ్మారు. కాలు నేల మీద మోపే బలాన్ని యంత్రంతో కొలిస్తే ఆ మెరుగుదల అక్కడ లేదు. జంతువు మీద ప్రేమ ఉన్నవాళ్లే ఈ భ్రమకు ఎక్కువగా లోనవుతారు, అదే బాధాకరం.

టేపు నేరుగా హాని చేసేది అరుదు. జిగురు పడక చర్మం కందడమో, పీకేటప్పుడు వెంట్రుకలు ఊడటమో తప్ప. నాకు భయం కలిగించేది వేరే. కుంటు ఒక రోగం కాదు, లోపలేదో తప్పిందని చెప్పే గుర్తు. గిట్టలో చీము పట్టిందా, టెండాన్ చిరిగిందా, ఎముకలో సన్నని పగులుందా, జీను సరిపోక వీపు నొస్తోందా అన్నది తేలకముందే రంగు పట్టీ పడితే రోజులు గడిచిపోతాయి. పగులున్న ఎముకతో ఆ రోజుల్లో ఒక్కసారి దౌడు తీసినా చాలు, గుర్రం ప్రాణం పోవడానికి. సూ డైసన్ అనే బ్రిటిష్ పశువైద్యురాలు 2018లో, స్వారీ చేస్తున్నప్పుడు గుర్రం చెవులు, కళ్లు, నోరు, తోక, అడుగుల్లో కనిపించే 24 ప్రవర్తనల పట్టిక ప్రచురించింది. వాటిలో 8 గానీ అంతకన్నా ఎక్కువ గానీ కనిపిస్తే ఎక్కడో నొప్పి ఉండే అవకాశం బలంగా ఉందని. పట్టీ ఎక్కడ అంటించాలో నేర్చుకునే ముందు ప్రతి రౌతూ ఈ పట్టిక నేర్చుకుంటే బాగుండునని నా గట్టి కోరిక.

మన దగ్గర గుర్రాలు తక్కువేం కాదు. హైదరాబాద్ మలక్‌పేటలో పందేలు నిజాం కాలంనుంచీ నడుస్తున్నాయి. పెళ్లి ఊరేగింపుల్లో తారు రోడ్ల మీద గంటలు నిలబడే గుర్రాలు ఊరూరా ఉన్నాయి. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 2023లో భారత డ్రెస్సాజ్ (గుర్రం చేత క్రమబద్ధమైన కదలికలు చేయించే స్వారీ పోటీ) జట్టు బంగారు పతకం గెలిచింది. ఆ రౌతులు తయారైంది యూరప్ శాలల్లోనే. ఆ శాలల పద్ధతులు, వాటితో పాటు టేపు చుట్టలు ఇక్కడికి రావడానికి పెద్ద అడ్డేమీ లేదు, ఆన్‌లైన్లో ఎవరైనా తెప్పించుకోవచ్చు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం రోగం తేల్చి వైద్యం చేసే హక్కు నమోదైన పశువైద్యులదే. టేపు చుట్ట కొనబోయే యజమాని ముందుగా ఆ పశువైద్యుణ్ణి పిలిపించి, గుర్రాన్ని గట్టినేల మీద నడిపించి, గిట్టను నొక్కి చూపించి, ఎక్కడ నొస్తోందో అడగాలి. ఆయన కారణం చెప్పాక, విశ్రాంతీ మందూ మొదలయ్యాక, వాటికి తోడుగా పట్టీ వేస్తామంటే నాకు అభ్యంతరం లేదు.