కరువు పని, కూలి రేటు: అపోహలు - వాస్తవాలు

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మా అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. ఇక్కడి జనం నోట మాత్రం అది ఎప్పుడూ కరువు పనే. అందులో కొలతలు తీసే ఉద్యోగం చేసిన నాకు టీ అంగడి దగ్గర ఈ మాటలు వినీ వినీ అలవాటైపోయింది.

అపోహ: కరువు పని వచ్చి కూలీలు దొరకట్లేదు, సేద్యం మునిగింది.

వాస్తవం: పాత రేటుకు దొరకట్లేదు, అంతే. ఊళ్లో పని ఇచ్చేది నలుగురు రైతులే అయితే వాళ్లు చెప్పిందే రేటు. ఇంకోచోట పని ఉందంటే బేరం మారుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010-12 మధ్య కరువు పని డబ్బు త్వరగా చేతికందేలా, వేలిముద్రతో పనిచేసే స్మార్ట్‌కార్డులతో కూలి ఇవ్వడం మొదలుపెట్టారు. ముందు ఏ మండలాలకు ఇవ్వాలో లాటరీ తీశారు. మురళీధరన్, నీహౌస్, సుఖ్తంకర్ అనే ఆర్థికవేత్తలు 157 మండలాల్లో తేడా చూశారు. కార్డులు ముందొచ్చిన చోట కరువు పని కాకుండా బయట చేసే పనికి కూలి పెరిగింది. పని తగ్గిందా అంటే అదీ పెరిగింది. పేద కుటుంబాలకు పెరిగిన ఆదాయంలో 86 శాతం బయటి సంపాదనే. రైతు బాధ అబద్ధమని అనను. వేరుశనగ గిట్టుబాటు కానివాడికి యాభై రూపాయలు ఎక్కువైనా బరువే. కానీ అది పంట ధర దగ్గర తేలాల్సిన లెక్క.

అపోహ: ఆడవాళ్ల పని తేలిక, అందుకే కూలి తక్కువ.

వాస్తవం: కరువు పనిలో గుంత పొడవు, వెడల్పు, లోతు కొలిచి కూలి లెక్క కట్టేవాళ్లం. తవ్విందెవరో టేపుకు తెలియదు. ఒక వేసవి తర్వాత కలుపుకు పిలవడానికొచ్చిన రైతును ఒకామె నిలదీసింది: "అన్నా, కరువు పనిలో గుంత తవ్వితే మొగోళ్లతో సమానంగా ఇస్తిరి, నీ చేన్లో సగమేంది?" ఆయన ఇరవై రూపాయలు పెంచాడు. సమానం మాత్రం చేయలేదు.

అపోహ: దేశం ఎదిగితే కూలి దానంతటదే పెరుగుతుంది.

వాస్తవం: 2014 తర్వాత పదేళ్లలో కరోనా ఏడాది తప్ప జీడీపీ పెరుగుతూనే వచ్చింది. పెరిగిన ధరలు తీసేసి చూస్తే పల్లె కూలి దాదాపు అక్కడే ఉంది.

అపోహ: ప్రభుత్వం రేటు పెంచితే చాలు.

వాస్తవం: 2025-26లో ఏపీలో కరువు పని రోజు కూలి రేటు 307 రూపాయలు ఉండేది. అదీ కొలత నిండితేనే. గట్టినేలలో ఎక్కడ నిండుతుంది? డబ్బు 15 రోజుల్లో పడాలని, దాటితే రోజుకు 0.05 శాతం పరిహారమని ఉపాధి హామీ చట్టం చెప్పింది. అంటే మూడొందల కూలికి రోజుకు 15 పైసలు. ఒకసారి రెండు నెలలు ఆలస్యమైంది. మా గుంపులో ఒకామె నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చుకుంది. మూడొందలకు వడ్డీ 18 రూపాయలు, మొదటి 15 రోజులు పోను పరిహారం లెక్క వేస్తే ఏడు రూపాయలు కూడా రాదు. మరుసటి ఏడు ఆమె తక్కువ కూలికే చేనికి పోయింది. సాయంత్రానికి డబ్బు చేతిలో పడుతుంది కదా.