బిగ్ బ్యాండ్ అరేంజింగ్: అపోహలు - వాస్తవాలు (ఎల్లింగ్టన్ ‘ఫార్ ఈస్ట్ స్వీట్’ ముందు పెట్టుకుని)

ట్రంపెట్లు, ట్రాంబోన్లు, సాక్సోఫోన్లకి పార్ట్స్ రాయడం, అంటే ఒక ట్యూన్‌లో ఎవరేం వాయించాలో పంచి రాయడం నా పని, దాన్నే అరేంజింగ్ అంటారు. రీరికార్డింగులకి రాస్తా, లైవ్ షోలకి రాస్తా, అప్పుడప్పుడు కాలేజీ బ్యాండ్లకి కూడా. ఈ మధ్య మనవాళ్ళలో జాజ్ వినే పిల్లలు పెరిగారు, సంతోషమే, కానీ అడిగే ప్రశ్నలన్నీ తిరిగి తిరిగి అవే, అందుకని ఒక్కసారే కూర్చుని రాసేద్దాం అనిపించింది. గాల్లో మాట్లాడితే ఎవరికీ ఎక్కదు కాబట్టి ఒక ఆల్బమ్ పట్టుకుందాం. అమెరికన్ జాజ్ కంపోజర్, బ్యాండ్ లీడర్ డ్యూక్ ఎల్లింగ్టన్ ‘ఫార్ ఈస్ట్ స్వీట్’ (తీపి కాదు, స్వీట్ అంటే ఒక వరసగా కూర్చిన సంగీతం ముక్కలు). 1966 డిసెంబర్ 19, 20, 21 తేదీల్లో న్యూయార్క్‌లో రికార్డ్ చేశారు, 1967లో ఆర్‌సీఏ విక్టర్ నుంచి వచ్చింది, మొత్తం 9 ట్రాకులు. అప్పటికి పెద్దాయన వయసు 67. హార్లెమ్ కాటన్ క్లబ్‌లో 1927లో కుదిరిన దగ్గర్నుంచి బ్యాండ్ ఆపకుండా నడుపుతూనే ఉన్నాడు.

అపోహ: జాజ్ అంటే అంతా అప్పటికప్పుడు వాయించేదే, కాగితాలు ఉండవు

ముగ్గురో నలుగురో ఉన్న చిన్న గ్రూప్ అయితే కొంతవరకు నిజం. ఈ ఆల్బమ్‌లో నాలుగు ట్రంపెట్లు, మూడు ట్రాంబోన్లు, సాక్సోఫోన్లు క్లారినెట్లు కలిపి ఐదుగురు, పియానో, బాస్, డ్రమ్స్, అంటే పదిహేను మంది. పదిహేను మందీ ఎవడికి తోచింది వాడు వాయిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు కదా. మన కచేరీలో కృతి ముందే ఉంటుంది, కల్పనస్వరాలు మాత్రం ఆ పూట పుట్టినవి, ఇక్కడా దాదాపు అంతే. సోలో వాయించేవాడి కాగితం మీద కార్డ్‌ల (ఒకేసారి మోగే నోట్ల గుంపుల) పేర్లు, ఎన్ని బార్లో (మన ఆవర్తనాల లెక్క లాంటిది) అంతే ఉంటుంది, ఆ టైమ్‌లో వెనక మిగతావాళ్ళు ఊదేది మాత్రం ప్రతి నోటూ రాసిందే. ఎక్కడ గట్టిగా, ఎక్కడ మెత్తగా, ఏ నోటు చివర కిందికి జారాలి, ఎక్కడ టక్కున కట్ చేయాలి, అన్నీ రాసే ఇస్తాం.

ఎల్లింగ్టన్ బ్యాండ్‌లో ఇంకో తిరకాసు ఉండేది. ఆయన చివరి నిమిషం దాకా రాస్తూ ఉండేవాడు, టామ్ వేలీ అని కాపీయిస్ట్ పక్కనే కూర్చుని ఎవరి పార్ట్ వాళ్ళకి విడగొట్టి రాసిచ్చేవాడు, ఆ తర్వాత రిహార్సల్లో నోటిమాటగా మళ్ళీ మార్పులు. అందుకే కాగితం చూసి ఈ బ్యాండ్‌ని అచ్చంగా దించుదాం అనుకున్నవాళ్ళకి చుక్కలు కనిపిస్తాయి, రికార్డులో వినపడేది సగం కాగితం మీద దొరకదు.

అపోహ: ట్యూన్ కట్టినవాడే గొప్ప, అరేంజర్ అంటే గుమాస్తా

ఇదీ నాకు ఒళ్ళు మండే అపోహ. సినిమా పాటలతో పెరిగాం కాబట్టి మనకి ట్యూన్, సాహిత్యం, సింగర్ ఈ మూడే తెలుసు, మధ్యలో ఇంటర్‌లూడ్ ఎవరు రాశారు, ఆ వయొలిన్లు ఎవరు పంచారు అంటే ఎవరూ చెప్పలేరు, టైటిల్స్‌లో కూడా వెతుక్కోవాలి.

ఈ ఆల్బమ్‌లో ‘ఇస్ఫహాన్’ అని నాలుగు నిమిషాల ట్రాక్ ఉంది, స్లో పాట, ముందు నుంచి చివరి దాకా జానీ హాడ్జెస్ ఆల్టో సాక్సోఫోన్. స్కేల్ డి ఫ్లాట్. ఆల్టో వాయించేవాడి కాగితం మీద అది బి ఫ్లాట్ అవుతుంది, ట్రంపెట్ వాడికి ఈ ఫ్లాట్, ఇలా ప్రతి వాద్యానికీ మార్చి రాయడం గుమాస్తా పనే, ఒప్పుకుంటా, ఇప్పుడు ఆ పని కంప్యూటర్ చేసిపెడుతుంది. అసలు పని వేరే. హాడ్జెస్ ఒక నోటు నుంచి ఇంకో నోటుకి గంతు వేయడు, జారుతూ వెళ్తాడు, మన గమకం విన్న చెవికి అది వెంటనే పట్టుకుంటుంది. ఆ జారుడు వినపడాలంటే వెనక కార్డ్‌లు నిదానంగా కదలాలి, ఆల్టో తిరిగే ఎత్తులో ఇంకెవరూ అడ్డం రాకూడదు. బ్యాక్‌గ్రౌండ్‌ని కాస్త కిందికి దించి, ఆయన ఊపిరి తీసుకునే చోట చిన్న జవాబు పెట్టి వదిలేయడం అరేంజర్ చెయ్యి. ఇదే ట్యూన్ వేరే సాక్సోఫోన్ వాడికి, కాస్త గరగరగా వాయించేవాడికి ఇస్తే వెనక రాసిందంతా మార్చాల్సిందే.

ఎల్లింగ్టన్ స్కోర్లలో ఫస్ట్ ఆల్టో, సెకండ్ ట్రంపెట్ అని కాకుండా మనుషుల పేర్లు రాసి ఉండేవి. హాడ్జెస్ ముద్దుపేరు ర్యాబిట్, కాబట్టి ఆయన లైన్ పక్కన ర్యాబ్, ట్రంపెట్ వాయించే కూటీ విలియమ్స్ లైన్ పక్కన కూటీ. నాలుగు నోట్ల కార్డ్ ఉందనుకోండి, పుస్తకం ప్రకారం పైనోటు ట్రంపెట్‌కి, కిందవి వరసగా కిందవాళ్ళకి. ఈయన అలా పంచడు. 1930లో చేసిన ‘మూడ్ ఇండిగో’ మొదట్లో మ్యూట్ (సౌండ్ మార్చడానికి వాద్యం మూతికి పెట్టే అడ్డు) పెట్టిన ట్రంపెట్ పైన, దాని కిందే మ్యూట్ పెట్టిన ట్రాంబోన్, అన్నిటికన్నా అడుగున క్లారినెట్. మామూలుగా అయితే క్లారినెట్ పైన ఉంటుంది, ట్రాంబోన్ అడుగున. మూడు నోట్లే, మామూలు కార్డే, కానీ ఎవరికి ఏది ఇచ్చాడు అన్న ఒక్క దానితో అంతకుముందు ఎవరూ వినని సౌండ్ పుట్టింది. అరేంజింగ్ క్లాసుల్లో ఇప్పటికీ ముందు దీన్నే చూపిస్తారు.

అందుకే నేను కొత్తవాళ్ళకి చెప్పేది ఒకటే, వాద్యానికి రాయకండి, వాయించేవాడికి రాయండి. హ్యారీ కార్నీ బారిటోన్ సాక్సోఫోన్‌తో 1927 నుంచి ఆ బ్యాండ్‌లోనే ఉన్నాడు, ‘ఆగ్రా’ ట్రాక్ మొత్తం ఆయన చుట్టూనే తిరుగుతుంది. నలభై ఏళ్ళు ఒక మనిషి ఊదడం రోజూ విన్నాక, ఏ నోటు దగ్గర అతని సౌండ్ లావెక్కుతుందో తెలిశాక రాసిన పాట అది. పాతికేళ్ళ కుర్రాడికి ఎంత టాలెంట్ ఉన్నా ఆ నలభై ఏళ్ళు ఎక్కడ తెస్తాడు?

అపోహ: అంతా డ్యూకే రాశాడు

లేదండీ. బిల్లీ స్ట్రేహార్న్ అని ఒకాయన, 1938 చివర్లో పిట్స్‌బర్గ్‌లో ఎల్లింగ్టన్‌ని కలిశాడు, అప్పటికి ఇరవై మూడేళ్ళు, తర్వాతి ఏడాది నుంచి చివరిదాకా ఆయన పక్కనే. బ్యాండ్ సిగ్నేచర్ ట్యూన్ ‘టేక్ ది ఏ ట్రెయిన్’ ఈయనదే, చాలామంది డ్యూక్‌దే అనుకుంటారు. పైన అంత చెప్పానే ‘ఇస్ఫహాన్’, అదీ స్ట్రేహార్న్ కలమే. ఈ ఆల్బమ్ రికార్డింగ్ నాటికే ఆయనకి క్యాన్సర్, 1967 మే 31న పోయాడు, 51 ఏళ్ళకి. కవర్ మీద పెద్దక్షరాల్లో ఎవరి పేరుందో చూసి ఎవరు రాశారో తేల్చేస్తే ఇలాంటివాళ్ళందరికీ అన్యాయం జరుగుతుంది.

అపోహ: ఇరాన్‌లో ఇస్ఫహాన్ ఊరు చూసి పరవశించి ఆ పాట రాశారు

ఈ ఆల్బమ్‌కి మూలం 1963లో బ్యాండ్ చేసిన టూర్ (ఆ కథ కింద చెప్తా), ఆ ట్యూన్ టూర్‌కి కొన్ని నెలల ముందే ఉంది, అప్పటి పేరు ‘ఎల్ఫ్’. తర్వాత పేరు మార్చి స్వీట్‌లో పెట్టారు. అంతే. మా ఫీల్డ్‌లో ఇది మామూలే, వేరే సినిమాకి కట్టిన ట్యూన్ ఇంకో సినిమాలో సూపర్ హిట్ అవలేదూ?

అపోహ: ఇండియా మీద రాశారంటే సితార్, తబలా, ఏదో ఒక రాగం ఉండే ఉంటుంది

ఒక్కటీ లేదు. మామూలు బిగ్ బ్యాండ్ వాద్యాలే. కథేంటంటే, 1963 సెప్టెంబర్‌లో అమెరికా ప్రభుత్వం ఖర్చుతో ఈ బ్యాండ్ డమాస్కస్ నుంచి టూర్ మొదలుపెట్టింది, అమ్మాన్, కాబూల్, ఢిల్లీ, బొంబాయి, మద్రాస్, సిలోన్, టెహరాన్, బాగ్దాద్ ఇలా తిరిగి నవంబర్‌లో టర్కీ చేరేసరికి కెనెడీ హత్య జరిగింది, మిగతా టూర్ కేన్సిల్. ఇంటికెళ్ళాక వెంటనే ఆల్బమ్ చేసేయలేదు. 1964 మొదట్లో ఇంగ్లండ్ టూర్‌లో నాలుగు ముక్కలు స్టేజీ మీద వాయించి చూసుకున్నారు, మిగతావి నిదానంగా కలిపారు, రికార్డింగ్ 1966 చివర్లో. అక్కడి స్కేళ్ళు, తాళాలు దించడం తనకిష్టం లేదనీ, ముందు అది లోపలికి ఇంకాలనీ ఎల్లింగ్టన్ ఉద్దేశం.

ఇంకాక ఎలా వచ్చిందో రెండు చోట్ల చూడండి. ‘బ్లూబర్డ్ ఆఫ్ ఢిల్లీ’కి ముందు పేరు ‘మైనా’. ఢిల్లీలో స్ట్రేహార్న్ దిగిన గది దగ్గర ఒక గోరింక ఎప్పుడూ ఒకటే చిన్న కూత కూసేదట, జిమ్మీ హామిల్టన్ క్లారినెట్ అదే పలుకుతుంది, కింద బ్యాండ్ ఎటు తిరిగినా ఎన్ని కార్డ్‌లు మారినా పిట్టకి పట్టదు, దాని కూత దానిదే. రెండోది ‘అమద్’, దాని చివర్లో లారెన్స్ బ్రౌన్ ట్రాంబోన్ మసీదు అజాన్‌ని గుర్తుచేస్తుంది. హైదరాబాద్‌లో పెరిగినవాళ్ళకి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. ట్రాంబోన్‌కి స్లయిడ్ ఉంటుంది కాబట్టి నోట్ల మధ్య సందుల్లోకి వెళ్ళగలదు, ఆ పని పియానోకి ఇస్తే తేలిపోయేది. వాద్యం ఎంపికలోనే సగం కంపోజిషన్ అయిపోయింది.

అన్నట్టు ఆల్బమ్ పేరులో ఫార్ ఈస్ట్ ఉందిగానీ, నిజంగా అటువైపుది జపాన్ మీద చేసిన ‘యాడ్ లిబ్ ఆన్ నిప్పాన్’ ఒక్కటే, అది 1964లో జపాన్ వెళ్ళొచ్చాక పుట్టింది. మిగతాదంతా మన చుట్టుపక్కల, అరబ్బు దేశాలు, ఇరాన్.

అపోహ: ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉంది, ఎవరైనా రాసేయొచ్చు

రాసేయొచ్చు. వాయించేవాడు తిడతాడు.

కంప్యూటర్‌కి ఊపిరి అక్కర్లేదు, పెదాలు అలిసిపోవు. ట్రాంబోన్ సంగతే తీసుకోండి, కింద బి ఫ్లాట్ నుంచి బి నేచురల్‌కి అర మెట్టు తేడా. స్క్రీన్ మీద పక్కపక్కనే బుద్ధిగా కూర్చుంటాయి. మామూలు టెనర్ ట్రాంబోన్ మీద మొదటిది స్లయిడ్ పూర్తిగా లోపలికి ఉన్నప్పుడు వస్తుంది, రెండోది చెయ్యి చివరిదాకా చాపితేగానీ రాదు. ట్రిగ్గర్ (బొటనవేలితో నొక్కితే అదనపు గొట్టం కలిసే మీట) ఉన్న వాద్యం అయితే వేరే దారుంది, లేనివాడికి ఆ రెండూ గబగబా మార్చి మార్చి ఊదమని రాశారంటే వాడి మోచెయ్యి మీ పేరు గుర్తుపెట్టుకుంటుంది. అలాగే లీడ్ ట్రంపెట్‌కి పైనోట్లు. క్యాట్ ఆండర్సన్ లాంటి మహానుభావుడు ఇదే ఆల్బమ్‌లోని ‘బ్లూ పెప్పర్’లో ఆకాశంలో ఊదాడని మనమూ మొదటి బార్ నుంచి అక్కడే కూర్చోబెడితే, అసలు కావలసిన క్లైమాక్స్‌కి పెదాలు మిగలవు. ఎల్లింగ్టన్ కూడా ఆయన్ని దాచిపెట్టి వదిలేవాడు.

సాఫ్ట్‌వేర్ ప్లేబ్యాక్ విని ‘సార్ బాగుంది కదా’ అని పంపేవాళ్ళకి నా మాట ఒకటే, ఒక ట్రంపెట్ ప్లేయర్‌కి టీ ఇప్పించి ఆ పార్ట్ ఊదమనండి.

అపోహ: బిగ్ బ్యాండ్ అంటే గోల, డాన్స్ మ్యూజిక్

‘ఇస్ఫహాన్’ విన్నాక మళ్ళీ అడగండి. పదిహేను మంది ఉన్నది గట్టిగా వాయించడానికి కాదు, రంగులు ఎక్కువ దొరకడానికి. కప్, హార్మన్, బకెట్ అని మ్యూట్లు రకరకాలు, ఇంక ప్లంజర్ అయితే బాత్‌రూమ్ సింక్ పూడుకుపోతే వాడతామే, ఆ రబ్బరు గిన్నే, పుల్ల పీకేసి ట్రంపెట్ మూతికి అడ్డం పెట్టి ఆడిస్తారు, మనిషి గొణిగినట్టు మాట్లాడుతుంది. కూటీ విలియమ్స్ దాంట్లో మొనగాడు.

అపోహ: 1946తో బిగ్ బ్యాండ్ల కథ ముగిసింది

ఆ ఏడాది చివర్లో పేరున్న బ్యాండ్లు చాలా మూతపడ్డాయి, నిజం. ఖర్చు, టేస్ట్ మారడం, అన్నీ కలిసొచ్చాయి. కానీ ఎల్లింగ్టన్ తన పాటల రాయల్టీ డబ్బు పోసి బ్యాండ్‌ని బతికించుకున్నాడు, ఎందుకంటే రాత్రి రాసింది పొద్దున వినాలి ఆయనకి. 1965లో పులిట్జర్ జ్యూరీ ఆయనకి ప్రత్యేక పురస్కారం ఇవ్వమంటే బోర్డు కుదరదంది, మరీ చిన్న వయసులో పేరు రావడం విధికి ఇష్టం లేదేమో అని నవ్వేశాడు, అప్పటికి 66. ఆ మరుసటి ఏడాదే ఈ రికార్డింగ్, 1968లో దీనికి గ్రామీ. అదే 1966లో థాడ్ జోన్స్, మెల్ లూయిస్ బ్యాండ్ న్యూయార్క్‌లో విలేజ్ వాన్‌గార్డ్ అనే జాజ్ క్లబ్‌లో ప్రతి సోమవారం వాయించడం మొదలుపెట్టింది, వాళ్ళిద్దరూ పోయినా ఆ బ్యాండ్ ఇంకా ఉంది.

అపోహ: థియరీ రాకపోతే అర్థం కాదు

రెండు చెవులు చాలు. ‘ఇస్ఫహాన్’ ఒకసారి హాడ్జెస్ కోసం వినండి. రెండోసారి పంతం పట్టి ఆయన్ని వినకుండా వెనకాల ఏం జరుగుతోందో మాత్రమే వినండి, కష్టమే, చెవి మాటిమాటికీ ఆయన వైపే పోతుంది. తర్వాత ‘బ్లూబర్డ్’, ‘ఆగ్రా’. ‘యాడ్ లిబ్ ఆన్ నిప్పాన్’ పదకొండు నిమిషాలపైనే, దాన్ని చివరికి ఉంచుకోండి. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వద్దు, కార్నీ బారిటోన్ సగం అందులోనే పోతుంది, ఇయర్‌ఫోన్స్ అన్నా పెట్టుకోండి.