డబ్బా చప్పుడు లేని మందు

ఆరు నెలలకొకసారి సూది వేయించుకుంటే హెచ్‌ఐవీ సోకకుండా కాపాడే లెనకాపవిర్‌కు 2025 జూన్‌లో అమెరికా అనుమతి లభించింది. దాన్ని చౌకగా తయారు చేసేందుకు లైసెన్సు పొందిన ఆరు కంపెనీల్లో డాక్టర్ రెడ్డీస్, హెటెరో మన హైదరాబాదువే. దక్షిణాఫ్రికా, ఉగాండాలలో ఈ సూది తీసుకున్న 2,134 మంది యువతుల్లో ఒక్కరికీ హెచ్‌ఐవీ సోకలేదు కనుక మందు పనితనం తేలినట్టే. జనం వేయించుకుంటారా అన్నదే ఇక తేలాలి.

రోజూ మింగే నివారణ మాత్రకు 2012లోనే అనుమతి వచ్చింది. ఆఫ్రికాలో జరిగిన ‘వాయిస్’ అధ్యయనంలో మాత్రలు ఇచ్చిన మహిళల రక్త నమూనాలు పరీక్షిస్తే, మూడో వంతు కన్నా తక్కువ నమూనాల్లోనే మందు జాడ కనిపించింది. మతిమరుపు ఒక్కటే దీనికి కారణం కాదు. నివారణకు ఇచ్చేదీ చికిత్సలో వాడే మందుల్లోదే కావడంతో, డబ్బా చూసినవారు రోగమే ఉందనుకుంటారన్న భయం చాలామందిని వెనక్కి లాగింది. ఈ భయం చెన్నైకి కొత్త కాదు. దేశంలో తొలి హెచ్‌ఐవీ కేసులను 1986లో డాక్టర్ సునీతి సోలొమన్ బృందం గుర్తించింది ఇక్కడే. 2004లో ప్రభుత్వం ఉచిత చికిత్స మొదలుపెట్టిన తొలి ఆసుపత్రుల్లో చెన్నై శివారు తాంబరంలోనిది ఒకటి. నెల్లూరు వైపు నుంచి అక్కడికి రైలెక్కి వచ్చిన తెలుగువారికి, మందులను ఇంట్లో ఎక్కడ దాచాలన్నది మందులంత పెద్ద సమస్యే.

సూదికి డబ్బా అక్కర్లేదు. 2021లో అనుమతి పొందిన మరో నివారణ సూది కాబోటెగ్రవిర్‌ను రెండు నెలలకొకసారి పిరుదుకు వేస్తారు. వేసినచోట నొప్పి ఎక్కువమందికే కలిగినా, అందువల్ల మానేసినవారు బహు కొద్దిమంది. లెనకాపవిర్‌ను పొట్ట చర్మం కింద వేస్తారు. అక్కడ చిన్న గడ్డలా చేతికి తగలవచ్చు. రహస్యం కోసమే సూదిని ఎంచుకున్న మనిషికి ఇది చిన్న విషయం కాదని నా అభిప్రాయం.

నమ్మకం సంగతి ఇంకా పాతది. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక సూదిని మహిళలపై ప్రయోగించబోతే, విషయం వారికి సరిగా చెప్పలేదంటూ ‘స్త్రీశక్తి సంఘటన’ అనే మహిళా సంఘం అడ్డుకుంది. మరుసటి ఏడు ఇతర సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లింది. మాత్ర వద్దనుకుంటే రేపే మానవచ్చు, ఒంట్లోకి ఎక్కిన సూదిని వెనక్కి తీయలేం. ఆపేశాక కూడా మందు నెలల తరబడి తగ్గుతూ ఒంట్లో ఉంటుంది. ఆ దశలో వైరస్ సోకితే అది మందుకు లొంగకుండా మారవచ్చు. అందుకే ప్రతి సూదికి ముందూ పరీక్ష తప్పదు, మానేవారికి వేరే రక్షణ చూపాలి. ఇంత సంగతిని తమిళం మాట్లాడగలిగినా చదవలేని ఉత్తర చెన్నై తెలుగు మహిళకు తమిళ సమ్మతి పత్రం ఇచ్చి వేలిముద్ర వేయించుకుంటే, పటాన్‌చెరులో జరిగినదానికీ దానికీ పెద్ద తేడా ఉండదు.