పడవ అడిగే ముందు సరంగు పేరు రాయండి: విపత్తు, భద్రతా పరికరాల నిధులపై అపోహలు – వాస్తవాలు

రెవెన్యూ శాఖలో నా ఉద్యోగమంతా గోదావరి పాయల మధ్యే గడిచింది. అందులో పద్నాలుగేళ్లు విపత్తుల సీటు. వరద వస్తే లంకల్లో మునిగిన ఇళ్ల లెక్క, తుపాను వస్తే పడిపోయిన కొబ్బరిచెట్ల లెక్క, రెండూ లేని నెలల్లో పైనుంచి తిరిగొచ్చిన ప్రతిపాదనల లెక్క. మొదటి రెండూ పదవీ విరమణతో వదిలిపోయాయి, మూడోది వదలలేదు. ఇప్పటికీ సర్పంచులు, మత్స్యకార సంఘాల పెద్దలు ప్లాస్టిక్ సంచిలో కాగితాలు పెట్టుకుని మా అరుగు మీదకు వస్తారు. అప్పట్లో పడవలు, జనరేటర్లు అడిగేవారు. ఈ మధ్య వాటికి కెమెరాలు, మెటల్ డిటెక్టర్లు తోడయ్యాయి. కాగితం తిరిగి రావడానికి కారణాలు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే.

అపోహ: "ఉగ్రవాద ముప్పు అని ఒక మాట చేరిస్తే ఫైలు పరుగెడుతుంది."

పరుగెడుతుంది, నిజమే. ఒక కార్యాలయం నుంచి ఇంకో కార్యాలయానికి. తీరంలోని ఒక పంచాయతీ రెండు మెటల్ డిటెక్టర్ ద్వారాలు, పదహారు కెమెరాలు, ఒక మరపడవ, వంద లైఫ్ జాకెట్లు, మూడు జనరేటర్లు కలిపి ఒకే లేఖ రాసింది. విషయం దగ్గర ‘ఉగ్రవాద నివారణ, అత్యవసర పరికరాల మంజూరు’ అని పెట్టింది. ఆ లేఖ నాలుగు శాఖలు తిరిగి, నాలుగు చోట్లా ‘మా పరిధిలోనిది కాదు’ అనిపించుకుని, ఏడో నెలలో మళ్లీ నా బల్ల మీదకే చేరింది. ఆలోగా వరద వచ్చి వెళ్లిపోయింది కూడా.

చిక్కు ఎక్కడుందంటే, 2005 విపత్తు నిర్వహణ చట్టంలో విపత్తుకు ఇచ్చిన నిర్వచనం చాలా విశాలమైనది. ప్రకృతి వల్ల జరిగినా, మనుషుల వల్ల జరిగినా విపత్తే. అది చదివినవారు బాంబు దాడి కూడా విపత్తే కాబట్టి విపత్తు నిధి ఇస్తుందనుకుంటారు. నిర్వచనం ఒకటి, డబ్బు ఖర్చుపెట్టే జాబితా ఇంకొకటి. 2021–26 మార్గదర్శకాల్లో రాష్ట్ర విపత్తు స్పందన నిధికి కేంద్రం గుర్తించిన విపత్తులు 12. మన డెల్టాకు సంబంధించినంతవరకు వాటిలో తుపాను, వరద, అగ్నిప్రమాదం, సునామీ, కరవు, చీడపీడలు ఉన్నాయి. వీటికి తోడు రాష్ట్రం తనకు ప్రత్యేకమైన విపత్తులను ప్రకటించి, నిధిలో 10 శాతం దాకా వాటికి వాడుకోవచ్చు. ఉగ్రవాదం ఆ పన్నెండింటిలో లేదు.

రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం శాంతిభద్రతలు, పోలీసు రాష్ట్ర జాబితాలోని అంశాలు. ఉగ్రవాదాన్ని ఎదుర్కొనే పరికరాలకు డబ్బు వచ్చే కాలువ కూడా పోలీసు శాఖే. కేంద్ర హోం శాఖ పోలీసు బలగాల ఆధునికీకరణ పథకం కింద రాష్ట్రాలకు సాయం చేస్తుంది. తీరానికి 2005లో మొదలైన తీరభద్రత పథకం, 2011లో దాని రెండో దశ వచ్చాయి. మెరైన్ పోలీసు స్టేషన్లు, వాటి గస్తీ పడవలు అలా వచ్చినవే. రాష్ట్రానికి ఆక్టోపస్ అనే ప్రత్యేక దళం 2007 నుంచి ఉంది. ఇందులో ఎక్కడా పంచాయతీ దరఖాస్తుకు చోటు లేదు. మెటల్ డిటెక్టర్ ద్వారం కొని రేవులో నిలబెట్టినా, అది కూసినప్పుడు ఏం చేయాలో తెలిసిన మనిషి అక్కడ ఉండడు. కెమెరాల విషయమైతే 2013 నాటి రాష్ట్ర ప్రజా భద్రత చట్టం ప్రకారం జనం పెద్ద సంఖ్యలో చేరే సంస్థలే సొంత ఖర్చుతో పెట్టుకోవాలి. కల్యాణమండపం యజమాని చేయవలసిన పనికి పంచాయతీ ఎందుకు అర్జీ పెట్టాలి?

అలాగని చేతులు కట్టుకుని కూర్చోమనడం లేదు. ఆ లేఖను రెండుగా చీల్చాము. పడవ, జాకెట్లు, జనరేటర్లు వరద, తుపాను కింద జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు పంపాము. రేవులో రాత్రి వెలుతురు లేకపోవడం, కొత్త పడవలు ఎక్కడ లంగరు వేస్తున్నాయో చూసేవారు లేకపోవడం, పోర్టుకు వెళ్లే దారి వివరాలు స్థానిక స్టేషను ద్వారా ఎస్పీ కార్యాలయానికి పంపాము. రెండో లేఖలో ఒక్క వస్తువు పేరు కూడా రాయనివ్వలేదు. ముప్పు ఏమిటో ఊరు చెప్పాలి, పరికరం ఏమిటో పోలీసులు తేల్చాలి.

ఇంకో మాట. 2008 నవంబరులో ముంబయిపై దాడి చేసినవారు సముద్రంలో ఒక చేపల బోటును వశం చేసుకుని వచ్చారు. మత్స్యకారులకు బయోమెట్రిక్ గుర్తింపు కార్డులు, పడవలకు రంగుల గుర్తులు దాని తర్వాతే గట్టిగా పట్టాలెక్కాయి. మన తీరంలో చాలామంది ఆ కార్డును ఇంట్లో దేవుడి పటం వెనక భద్రంగా దాచి వేటకు వెళతారు. కార్డు జేబులో ఉంచుకోవడం, కొత్త పడవ కనిపిస్తే 1093కు ఫోను చేయడం, సముద్రంలో ఆపద వస్తే తీర రక్షక దళానికి 1554కు చేయడం, వీటికి ఏ మంజూరూ అక్కరలేదు.

అపోహ: "ఎన్‌డీఆర్‌ఎఫ్ మన జిల్లాకు వచ్చింది, అంటే నిధులు వచ్చినట్టే."

నారింజ రంగు దుస్తుల్లో పడవలతో వచ్చేది జాతీయ విపత్తు స్పందన బలగం. మన దగ్గరకు ఎక్కువగా కొండపావులూరులోని పదో బెటాలియన్ నుంచి వస్తారు. అదే పొట్టి పేరుతో ఒక నిధి కూడా ఉంది. రాష్ట్ర స్థాయిలో ఎస్‌డీఆర్‌ఎఫ్‌ అన్న పొట్టి పేరుకూ ఇదే తంటా. బలగానికి రాసిన ఉత్తరం నిధికి, నిధికి రాసినది బలగానికి వెళ్లిన సందర్భాలు నేనే చూశాను. పొట్టి పేరు వద్దు, ‘నిధి’ అనో ‘బలగం’ అనో పూర్తిగా రాయండి.

అపోహ: "పంచాయతీ తీర్మానం చేసి పంపితే చాలు, డబ్బు ఖాతాలో పడుతుంది."

ఇది వినగానే నేను ముందు అడిగేది తీర్మానం మీద సంతకం ఎవరిదని. సర్పంచి ఆవిడ, కాగితం తెచ్చేది ఆయన. "మా ఆవిడేనండీ, ఇంట్లో పనిలో ఉంది" అంటారు. ఆమెను తీసుకురమ్మంటాను. లంకలో వరద రోజున పిల్లలతో పడవ ఎక్కేది ఆమె. ఏం కావాలో ఆయన కంటే ఆమే బాగా చెబుతుంది. ఒకసారి అలా వచ్చినావిడ, "బాబాయి గారూ, జనరేటరు తర్వాత సంగతి, ముందు షెల్టరులో ఆడవాళ్ల మరుగుదొడ్డికి తలుపు పెట్టించండి" అంది. ఆ తలుపుకు విపత్తు నిధితో పని లేకపోయింది.

డబ్బు దారి ఇది. 15వ ఆర్థిక సంఘం (2021–26) విపత్తుల సొమ్మును రెండు ముక్కలు చేసింది. 80 శాతం స్పందన నిధి, 20 శాతం ఉపశమన నిధి (ముప్పును ముందే తగ్గించే పనులకు). స్పందన నిధిలోని 80లో 40 సహాయ చర్యలకు, 30 పునర్నిర్మాణానికి, 10 సన్నద్ధత, సామర్థ్యాల పెంపునకు. మన రాష్ట్రానికి కేంద్రం వాటా 75, రాష్ట్రం వాటా 25. ఆర్థిక సంఘం మారితే ఈ అంకెలూ మారతాయి కాబట్టి రాసే ఏటి మార్గదర్శకాలు తెచ్చుకుని చూడండి. పడవలు, తాళ్లు, వైర్‌లెస్ సెట్ల వంటి పరికరాలు ఆ చివరి 10లోవి. సహాయ చర్యల 40ని చూసి ఆశపడి పరికరాలు అడిగేవారే ఎక్కువ.

ఆ నిధి మీద నిర్ణయం ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన ఉండే రాష్ట్ర కార్యనిర్వాహక సంఘానిది. పంచాయతీ కాగితం మండలం మీదుగా కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా సంస్థకు చేరాలి. జిల్లా విపత్తు ప్రణాళికలో మీ ఊరి అవసరం ఒక వరుసగా ఎక్కితేనే అది పైకి కదులుతుంది. ఈ ప్రణాళికలే పాత జిల్లాల లెక్కతో ఉంటే ఇంకో తలనొప్పి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. అమలాపురం కేంద్రంగా కోనసీమ, భీమవరం కేంద్రంగా పశ్చిమ గోదావరి, కాకినాడ, ఏలూరు వేరయ్యాయి. పాత తూర్పు గోదావరి పడవల జాబితాను అలాగే అంటించి పంపిన ప్రతిపాదన నా చేతికి ఈ మధ్య కూడా వచ్చింది. యానాంవారు వస్తే మర్యాదగా కాఫీ ఇచ్చి పంపుతాను. గౌతమి వరద వారికీ మనకూ ఒకటే, ఖజానా మాత్రం పుదుచ్చేరిది.

చిన్న వస్తువులకు ఇంత ప్రయాణం అవసరం లేదు. 2021–26కు 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకు ఇచ్చిన మూల గ్రాంటులో 40 శాతం షరతులు లేనిది. జీతాలకు, కార్యాలయ నిర్వహణకు తప్ప ఊరి అవసరాలకు వాడుకోవచ్చు. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ముందే రాసుకుని ఉండాలి, అంతే. తాళ్లు, టార్చిలైట్లు, మైకు సెట్టు, ప్రథమ చికిత్స పెట్టెల కోసం కలెక్టరు దాకా వెళ్లిన ఊళ్లను చూసి జాలిపడ్డాను.

అపోహ: "వరద ఫొటోలు చూపించి ఆ వేడిలోనే అడగాలి."

ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మూడో హెచ్చరిక ఎగిరిన రోజున కలెక్టరేటులో మీ ప్రతిపాదన చదివే మనిషి ఉండడు. నేను ఉండలేదు, అందుకే చెబుతున్నాను. 2022 జులైలో వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు అన్నం పొట్లాలు, తాగునీళ్లు, పడవలకు డీజిలు తప్ప ఇంకో కాగితం కదలలేదు.

విపత్తు నిర్వహణ చట్టంలోని 50వ సెక్షను అత్యవసర కొనుగోలుకు టెండర్లు లేకుండా అనుమతి ఇస్తుంది కదా అంటారు. ఇస్తుంది. అప్పటికప్పుడు ప్రాణం కాపాడే వస్తువుకు, అధికారమున్నవారు తృప్తి చెందితే. వచ్చే ఏటికి కావలసిన మరపడవకు ఆ సెక్షను పెట్టిన ఫైలును ఆడిట్ వారు ఎలా చదువుతారో మీకు చెప్పనక్కరలేదు. మన క్యాలెండరు తేలికైనది: జులై నుంచి సెప్టెంబరు వరద, అక్టోబరు నుంచి డిసెంబరు తుపాను. 1996 నవంబరు తుపాను అప్పుడే వచ్చింది, 2025 అక్టోబరులో మొంథా నరసాపురం దగ్గర తీరం దాటినదీ అప్పుడే. ఫొటోలు అప్పుడు తీయండి, తేదీతో, నీటిమట్టం గీతతో. ప్రతిపాదన సంక్రాంతి వెళ్లాక రాయండి.

అపోహ: "పెద్ద వస్తువు అడిగితేనే విలువ."

దీని గురించి నాకు సొంత గాయమే ఉంది. నా హయాంలోనే ఒక లంక గ్రామానికి ఫైబరు పడవ, దానికి మోటారు మంజూరు చేయించాను. గర్వంగా ఫొటో దిగాము. మరుసటి వరదకు వెళ్లి చూస్తే పడవ గోదాములో బోర్లా పడి ఉంది, దాని మీద ఎవరివో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. మోటారు బీరువాలో, తాళం బదిలీ అయిన ఉద్యోగి దగ్గర. నడపడం తెలిసినవాడు ఊళ్లో లేడు, పెట్రోలుకు పద్దు లేదు. ఆ రోజు జనాన్ని దాటించింది ఎప్పటి నాటు పడవలే, గెడలతో. తప్పు పడవది కాదు, నాది. ప్రతిపాదనలో పడవ పొడవు రాశాను, సరంగు పేరు రాయలేదు.

అప్పటినుంచి నా దగ్గరకు వచ్చే ఏ కాగితంలోనైనా వస్తువు పక్కన నాలుగు గడులు గీయిస్తాను: ఎవరు నడుపుతారు, ఎక్కడ ఉంచుతారు, తాళం ఎవరి దగ్గర, ఇంధనం ఏ పద్దు. ఈ నాలుగూ నిండని వస్తువును కొట్టేస్తే జాబితా సగమవుతుంది. మిగిలిన సగానికి మంజూరు రావడం తేలిక. ఆపద మిత్ర పథకం కింద విపత్తుల్లో సాయపడేందుకు 12 రోజుల శిక్షణ పొందిన కుర్రవాళ్లు మీ మండలంలో ఉంటే వారి పేర్లే మొదటి గడిలో రాయండి.

కనకాయలంక వంటి చోట కాజ్‌వే మునిగిందంటే ఊరికి పడవే దిక్కు. అక్కడ పెద్ద పడవ కంటే ఉన్న పడవలకు సరిపడా లైఫ్ జాకెట్లు, తాళ్లు ముందు. మెట్టుగా ఉన్న ఊళ్లలో, తుపాను మర్నాడు, అసలు కావలసింది పెట్రోలు రంపం. కొబ్బరిచెట్టు రోడ్డుకు అడ్డంగా పడితే అంబులెన్సు, కరెంటు వాళ్లు, పాల వ్యాను అన్నీ ఆగిపోతాయి. గొడ్డలితో ఒక చెట్టుకు పట్టే సమయంలో రంపంతో నాలుగైదు తీసేయవచ్చు. ఇంత చవకైన వస్తువు మా సీటుకు వచ్చిన ప్రతిపాదనల్లో పదికి ఒకదానిలో కూడా కనిపించేది కాదు. ఫొటోకు పనికిరాదనేమో.

అపోహ: "గ్యాసు బావుల పక్కన ఉన్నాము కాబట్టి ఊరికి ఒక ఫైరింజను ఇవ్వాలి."

1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్లో గ్యాసు పైపులైను పేలింది. భయం న్యాయమైనదే. కానీ రాష్ట్రాల అగ్నిమాపక సేవలకు కేంద్రం 2023లో మొదలుపెట్టిన 5,000 కోట్ల రూపాయల పథకం శాఖకే, పంచాయతీకి కాదు. పైగా గ్యాసు మంట ఆర్పడం ఊరి ఇంజనుతో అయ్యే పని కూడా కాదు. 1989 ప్రమాదకర రసాయనాల నిబంధనల కింద కర్మాగారం ఆవరణ దాటి జరిగే ప్రమాదానికి జిల్లా యంత్రాంగం ఒక ప్రణాళిక ఉంచాలి. దానిలో మీ ఊరు ఎటు పరుగెత్తాలో, సైరను ఎవరు మోగించాలో ఉందా అని అడగండి. ఫైరింజను కంటే ముందు ఆ సమాధానం రాబట్టండి.

అపోహ: "వస్తువులు దిగాయి, పని పూర్తయింది."

ముందు కోటేషన్ల సంగతి. మూడు దుకాణాల కోటేషన్లు తెమ్మంటే మూడింటిలోనూ ‘జాకెట్’ అన్న మాటలో ఒకే అక్షరదోషం ఉంటుంది. పరిశీలించేవారు నవ్వుకుంటారు, తర్వాత నవ్వు ఆపి సంజాయిషీ అడుగుతారు. ఆ తర్వాత వినియోగ ధ్రువపత్రం. అది వెళ్లకపోతే తర్వాతి విడత ఆగుతుంది, మీ ఒక్క ఊరికే కాదు.

చివరికి స్టాకు రిజిస్టరు. ఒక తుపాను షెల్టరులో తనిఖీకి వెళితే పుస్తకంలో 40 లైఫ్ జాకెట్లు, గోడకు 31. మిగిలినవి ఏమయ్యాయని అడిగితే కాపలాదారు తల గోక్కుని, సంక్రాంతి పడవ పందేలకు కుర్రవాళ్లు తీసుకువెళ్లారండీ అన్నాడు. సాయంత్రానికి తొమ్మిదీ వచ్చాయి, రెండింటి వీపు మీద జట్టు పేరు రంగుతో రాసి ఉంది. ఆ రిజిస్టరులో నేనే ఒక గడి అదనంగా గీశాను: ‘అరువు ఇచ్చినది, తిరిగి వచ్చిన తేదీ’. తర్వాత వెళ్లినప్పుడు చూస్తే ఆ గడి మూడు పేజీలు నిండి ఉంది, జాకెట్లు నలభైకి నలభై ఉన్నాయి.