పాప్ అయిన బ్రేకర్‌ని నొక్కేయొచ్చా? చిన్న విమానాల్లో మంటలు: అపోహలు - వాస్తవాలు

ఫ్లయింగ్ స్కూళ్లలో ఏ బ్యాచ్‌ని అడిగినా ఒకటే జవాబు: "బ్రేకర్ పాప్ అయితే ఒకసారి రీసెట్ చేయొచ్చు." బ్రేకర్ అంటే కరెంటు హద్దు దాటితే బయటికి తన్నుకొచ్చి (పాప్ అయి) సరఫరా తెంచే బటన్; దాన్ని మళ్లీ లోపలికి నొక్కడమే రీసెట్. ఇంట్లో ఎంసీబీ పడితే లేపడం అలవాటు కదా, అదే చెయ్యి ఇక్కడికీ వస్తుంది.

అపోహ: ఒక్క రీసెట్‌తో కొంప మునగదు.

వాస్తవం: 2007 జూలై 10న అమెరికాలోని ఫ్లోరిడాలో మునిగింది. కార్ రేసులు నడిపే నాస్కార్ సంస్థకు చెందిన చిన్న విమానం సెస్నా 310ఆర్ డేటోనా బీచ్ నుంచి లేక్‌లాండ్‌కు బయల్దేరింది. అంతకుముందు రోజు ఆ విమానాన్ని నడిపిన పైలట్‌కు వెదర్ రాడార్ తెర ఆరిపోయి కాలిన వాసన వచ్చింది. రాడార్ బ్రేకర్ లాగేశాడు, వాసన పోయింది. స్నాగ్ (లోపం ఉందని నోటు) కూడా రాశాడు. దాన్ని సరిచేయకుండానే విమానాన్ని వదిలారు. బయల్దేరేముందు బ్రేకర్లు చూసుకునే అలవాటులో రాడార్‌దీ లోపలికి నొక్కి ఉంటారని అమెరికా ప్రమాద దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. గాల్లోకి లేచాక పొగ వస్తోందని పైలట్లు సాన్‌ఫోర్డ్ విమానాశ్రయానికి మళ్లారు. రేడియోలు ఆపేస్తున్నామని చెబుతుండగానే మాట మధ్యలో తెగింది. విమానం ఇళ్లపై పడింది. ఇద్దరు పైలట్లూ, నేల మీద ముగ్గురూ పోయారు.

బ్రేకర్ కాపాడేది వైరుని, పరికరాన్ని కాదు. పైగా చిన్న విమానాల్లో ఎక్కువగా ఉండేవి వేడికి వంగే లోహపు పట్టీతో పనిచేసే థర్మల్ బ్రేకర్లు. ఒరిసిపోయిన వైరు విడివిడిగా చిన్న ఆర్క్‌లు (నిప్పురవ్వలు) కొడుతుంటే సగటు కరెంటు రేటింగ్ దాటదు, పట్టీ వంగదు. ఈలోగా ఇన్సులేషన్ అంటుకుంటుంది. అంటే బ్రేకర్ పాప్ కాలేదని ధీమా పడటానికీ లేదు.

ఆ సిస్టమ్ లేకుండా సురక్షితంగా దిగలేని పరిస్థితి అయితేనే, కనీసం ఒక నిమిషం చల్లారనిచ్చి, పొగా వాసనా లేకపోతే ఒక్కసారి నొక్కాలి. మళ్లీ పాప్ అయితే ముట్టుకోవద్దు. వాసన వస్తే ఆ మొదటిసారి కూడా లేదు. లాగిన బ్రేకర్‌కు మళ్లీ ఎవరూ నొక్కకుండా కాలర్ (అడ్డు రింగు) వేసి, టెక్ లాగ్‌లో (విమానం లోపాల పుస్తకంలో) రాసి, ఏఎమ్ఈ (మెయింటెనెన్స్ ఇంజినీర్) సరిచేసి సంతకం పెట్టేదాకా విమానం కదలకూడదు.

అపోహ: మాస్టర్ (విమానం మొత్తానికి కరెంటు ఇచ్చే ప్రధాన స్విచ్) ఆపితే ఇంజిన్ ఆగిపోతుంది.

వాస్తవం: పిల్లల్ని ట్రైనింగ్‌కు పంపిన తల్లిదండ్రులు ఈ మాట వినే హడలిపోతారు. మాగ్నెటోలున్న (స్పార్క్‌కు కరెంటు తనే పుట్టించుకునే) ఇంజిన్‌కు బ్యాటరీతో పనిలేదు, అది తిరుగుతూనే ఉంటుంది. (ఫాడెక్, అంటే కంప్యూటర్ నడిపే డీజిల్ ఇంజిన్ల సంగతి వేరు, వాటి మాన్యువల్ చూడండి.) సెస్నా 172లో ఎలక్ట్రికల్ మంట వస్తే మాస్టర్ ఆఫ్, స్టాండ్‌బై బ్యాటరీ ఉంటే అదీ ఆఫ్. వెంట్లు (గాలి వచ్చే రంధ్రాలు), క్యాబిన్ హీట్ మూయాలి. ఆ తర్వాతే ఎక్స్‌టింగ్విషర్. కరెంటు పారుతుంటే ఎంత కొట్టినా ఆర్క్ మళ్లీ అంటిస్తుంది. ఏవియానిక్స్ (రేడియోలు, నావిగేషన్ పరికరాలు) సహా మిగతా స్విచ్‌లన్నీ ఆఫ్, మాగ్నెటోలు తప్ప. మంట పూర్తిగా ఆరాకే వెంట్లు తెరవాలి, ముందే తెరిస్తే గాలి పోసినట్టే. వెంటనే దగ్గర్లోని రన్‌వేకి.

అపోహ: గాల్లో ఇంజిన్‌కు అంటుకున్న మంట ఆరితే మళ్లీ స్టార్ట్ చేసుకోవచ్చు.

వాస్తవం: వద్దు. మిక్స్చర్ కటాఫ్ (ఇంజిన్‌కు ఇంధనం ఆపడం), ఫ్యూయల్ షటాఫ్, మాస్టర్ ఆఫ్, 172ఎస్ అయితే మంట ఆర్పేందుకు వేగం 100 నాట్లు. ఆ వేగానికీ ఆరకపోతే ఇంకా పెంచాలి. తర్వాత పొలమో రోడ్డో చూసుకుని దిగడమే.

అపోహ: మంట అంటే గాల్లోనే పేలిపోవడం.

వాస్తవం: సినిమాల్లో. ఇక్కడ ముందు చంపేది పొగ. కళ్లు కనబడవు, పానెల్ కనబడదు. పాత విమానాల్లోని పీవీసీ వైర్లు కాలితే వచ్చేది ఊపిరాడనివ్వని విషపు పొగ.