అద్దె నిర్ణయించేది ఒకరు, కప్పు వేయించాల్సింది మరొకరు

2012 మార్చి 28న ఇంగ్లండ్‌లో 136 కౌన్సిళ్లు, అంటే స్థానిక పాలక సంస్థలు, ఒకే రోజు దాదాపు 1,300 కోట్ల పౌండ్లు కేంద్ర ఖజానాకు కట్టాయి. అందులో చాలా భాగం అప్పు తెచ్చిందే. ఆ డబ్బుతో ఒక్క కొత్త ఇల్లు లేవలేదు, ఒక్క పాత కప్పు మారలేదు. తమ ఇళ్ల మీద వచ్చే అద్దెను ఇక నుంచి తామే ఉంచుకోవడానికి కౌన్సిళ్లు చెల్లించిన వెల అది. ఆ అప్పుల వడ్డీ ఈనాటికీ కౌన్సిల్ ఇళ్లలో ఉండేవాళ్ల అద్దెలోంచే పోతోంది. ఇళ్ల అద్దెలూ ఖర్చులూ రాసే ఖాతా ఇక నడవదని కౌన్సిళ్లు ఇప్పుడు ఎందుకు మొత్తుకుంటున్నాయో తెలియాలంటే ఆ రోజు దగ్గర ఆగాలి, అక్కడి నుంచి ఇంకో వందేళ్లు వెనక్కి వెళ్లాలి.

ముందు ఒక తేడా చెప్పుకోవాలి. మనకు సర్కారు ఇల్లంటే లబ్ధిదారు పేరు మీద వచ్చే ఇల్లు. ఇందిరమ్మ ఇల్లయినా, డబుల్ బెడ్‌రూమ్ ఇల్లయినా కట్టి అప్పగించాక గోడ పగిలితే బాధ ఆ కుటుంబానిదే. కౌన్సిల్ ఇంటికి మాత్రం ఊరి కౌన్సిలే యజమాని. అద్దె వసూలు చేసేది అదే, కుళాయి కారినా లిఫ్టు ఆగినా బాగు చేయించాల్సింది అదే, రెండు మూడు తరాల పాటు. కట్టడానికి డబ్బు దొరకడంతో పని అయిపోదు. కట్టిన దాన్ని అరవై డెబ్భై ఏళ్లు నిలబెట్టే డబ్బు ఎవరిదన్నదే అసలు పేచీ.

ఆ పేచీ మొదటి నుంచీ ఉంది. లండన్ తూర్పు భాగంలో ఓల్డ్ నికల్ అనే మురికివాడను పడగొట్టి, లండన్ కౌంటీ కౌన్సిల్ బౌండరీ ఎస్టేట్ కట్టింది. 1900లో దాన్ని ప్రారంభించారు. పన్ను కట్టేవాళ్ల మీద భారం పడకూడదు, అద్దెతోనే ఖర్చు రాబట్టాలి అన్నది షరతు. దాంతో అద్దెలు పేదవాళ్లకు అందలేదు. ఆ వాడలో బతికిన 5,700 మందిలో కొత్త ఇళ్లలోకి రాగలిగింది 11 మందేనని చెబుతారు. ఇల్లు మంచిదైతే పేదవాడి జేబుకి అందదు, అద్దె అందితే ఖర్చు పూడదు. ఈ మధ్యలోని లోటు ఎవరు నింపాలి?

మొదటి ప్రపంచయుద్ధం ఆ ప్రశ్నకు జవాబు చెప్పించింది. 1915లో గ్లాస్గోలో మేరీ బార్బర్ వంటి ఆడవాళ్లు అద్దె కట్టబోమని వీధుల్లోకి వచ్చారు. వాళ్ల దెబ్బకి ప్రభుత్వం అదే ఏడాది అద్దెల మీద నియంత్రణ తెచ్చింది. 1919లో మంత్రి క్రిస్టఫర్ అడిసన్ తెచ్చిన చట్టం లోటు బాధ్యతను దాదాపు పూర్తిగా ఖజానా మీద పెట్టింది. కౌన్సిల్ వాటా స్థానిక పన్నులో పౌండుకి ఒక పెన్నీ దాటదు. 5 లక్షల ఇళ్లు అనుకున్నారు, సగం కూడా కాకముందే 1921లో డబ్బు ఆపేశారు. 1924లో లేబర్ మంత్రి జాన్ వీట్లీ వచ్చి, ఇంటికి ఏడాదికి 9 పౌండ్ల చొప్పున 40 ఏళ్లు ఇస్తామన్నాడు. నలభై ఏళ్ల మాట! ఈ రంగంలో అంత దూరం చూసిన మాట ఆ తర్వాత అరుదు.

1935 చట్టం పైకి చూస్తే గుమాస్తా పనిలా ఉంటుంది. అప్పటిదాకా ఏ చట్టం కింద కట్టిన ఇళ్లకు ఆ లెక్క విడిగా ఉండేది. వాటన్నిటినీ కలిపి హౌసింగ్ రెవెన్యూ అకౌంట్ అనే ఒకే ఖాతా చేశారు. కౌన్సిల్ ఇళ్ల ఆర్థిక రహస్యం మొత్తం ఇందులోనే ఉందని నేను నమ్ముతాను. ఎప్పుడో చవకగా కట్టిన ఇంటి అప్పు కాలక్రమంలో తీరిపోతుంది, అద్దె మాత్రం వస్తూనే ఉంటుంది. ఆ మిగులు, నిన్న ఎక్కువ ఖర్చుతో కట్టిన ఇంటి అప్పుకి ఆసరా అవుతుంది. ఉమ్మడి కుటుంబంలో స్థిరపడిన పెద్దకొడుకు సంపాదనతో చిన్నవాళ్ల చదువులు సాగినట్టు, పాత ఇళ్లు కొత్త ఇళ్లను మోస్తాయి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఇళ్ల బాధ్యత చూసిన లేబర్ మంత్రి అన్యూరిన్ బెవాన్ హయాంలోనూ, ఆ వెంట వచ్చిన కన్సర్వేటివ్‌ల కాలంలోనూ లక్షల ఇళ్లు లేవడానికి ప్రభుత్వ సబ్సిడీతో పాటు ఈ కలుపుకోలు లెక్క కూడా తోడైంది.

ఖాతా కౌన్సిల్‌దే. అద్దె ఎంతన్నది కూడా 1972 దాకా చాలావరకు కౌన్సిల్ నిర్ణయమే. ఆ ఏడాది హౌసింగ్ ఫైనాన్స్ చట్టం దాన్ని లాక్కుంది. డెర్బీషైర్‌లోని క్లే క్రాస్ అనే చిన్న గనుల ఊళ్లో 11 మంది కౌన్సిలర్లు అద్దె వారానికి ఒక పౌండు పెంచడానికి ససేమిరా అన్నారు. నష్టాన్ని వాళ్ల సొంత జేబుల మీద రుద్ది, పదవులకు అనర్హుల్ని చేశారు. తర్వాతి లేబర్ ప్రభుత్వం అద్దె నిర్ణయాన్ని తిరిగి కౌన్సిళ్లకు ఇచ్చింది గానీ, కేంద్రం అద్దెలో వేలుపెట్టగలదని ఒకసారి రుజువైపోయింది.

1980లో మార్గరెట్ థాచర్ ప్రభుత్వం, ఉంటున్న ఇంటిని రాయితీ మీద కొనుక్కునే హక్కు ఇచ్చింది. రాయితీ మూడో వంతుతో మొదలై, పోనుపోను ఫ్లాట్లకు 70 శాతం దాకా వెళ్లింది. అప్పటి నుంచి ఇంగ్లండ్‌లో దాదాపు 20 లక్షల ఇళ్లు అమ్ముడుపోయాయి. కొన్న కుటుంబాలను నేను తప్పుపట్టను. అద్దె కట్టిన ఇల్లు తన పిల్లలకు మిగలాలని ఎవరు కోరుకోరు? కానీ ముందుగా పోయినవి పెరడున్న మంచి ఇళ్లు, అప్పు తీరబోతున్న పాత ఇళ్లు. అంటే పెద్దకొడుకులే ఇల్లు విడిచిపోయారు. అమ్మిన డబ్బును కొత్త ఇళ్లకు వాడుకోనివ్వకుండా పరిమితులు పెట్టారు. 1990 నుంచి ఇళ్ల అమ్మకం సొమ్ములో 75 శాతం అప్పుల కిందకే పోవాలన్నారు. ఈనాడు లండన్‌లో చదువుకో ఉద్యోగానికో వచ్చిన మన పిల్లలు ప్రైవేటు యజమానికి ఎక్కువ అద్దె కట్టి పంచుకుంటున్న ఫ్లాట్లలో కొన్ని అలా చేతులు మారిన కౌన్సిల్ ఫ్లాట్లే.

1989 చట్టం, 1990 నుంచి, ఖాతా చుట్టూ కంచె వేసింది. స్థానిక పన్నుల డబ్బు లోపలికి రాకూడదు, అద్దెల డబ్బు వేరే పనులకు పోకూడదు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ఆ కంచెకు ఒక గేటు ఉంది, అది ఖజానా వైపు తెరుచుకుంటుంది. ఏ కౌన్సిల్ ఎంత అద్దె రాబట్టాలి, ఎంత ఖర్చు పెట్టాలి అన్నది కేంద్రమే ఊహించి కాగితం మీద లెక్క కట్టేది. ఆ కాగితం లెక్కలో మిగులు కనిపిస్తే, నిజంగా మిగిలినా మిగలకపోయినా కట్టాలి. పేద అద్దెదారులకు ఇచ్చే అద్దె రాయితీని కూడా ఈ లెక్కలోనే కలిపారు. దాంతో నెలాఖరుకి చేయి కటకటలాడే ఒక కౌన్సిల్ అద్దెదారు, తనకంటే పేదవాడైన పక్కింటాయన అద్దెలో భాగం భరించాడు. దేశమంతా పన్నులతో మోయాల్సిన సంక్షేమ భారం అది. 2004లో గానీ దాన్ని ఆ లెక్కలోంచి తీయలేదు. 2008 నాటికి దేశం మొత్తం మీద ఈ ఖాతాలే ఖజానాకు ఎదురు చెల్లించే స్థితి వచ్చింది.

ఇంత జరిగాక 2012 ఒప్పందం విముక్తిలా కనిపించిందంటే ఆశ్చర్యం లేదు. వచ్చే 30 ఏళ్లలో అద్దె ఇంత వస్తుంది, ఖర్చు ఇంతవుతుంది, మిగులు ఇంత, కాబట్టి ఇంత అప్పు మోయగలరు అని లెక్క వేశారు. మోయలేని 34 కౌన్సిళ్లకు అప్పు తగ్గించారు. మొత్తం అప్పు సుమారు 2,900 కోట్ల పౌండ్ల దగ్గర తేలింది, కొత్త అప్పులకు పరిమితి పెట్టారు. లెక్క అంతా ఒక్క మేకు మీద వేలాడింది: అద్దెలు ఏటా ధరల పెరుగుదల కంటే అర శాతం ఎక్కువగా పెరుగుతాయి.

ఒప్పందం మీద సిరా ఆరకముందే, 2012 ఏప్రిల్ ఆరంభంలోనే, కొనుగోలు రాయితీ పరిమితిని 75,000 పౌండ్లకు పెంచారు. అద్దె వచ్చే ఇళ్లు మళ్లీ తరగడం మొదలైంది. 2013లో అద్దె సూత్రం మార్చి, 2015 నుంచి పదేళ్లు ఇదే ఉంటుందన్నారు. అమల్లోకి వచ్చిన మూడు నెలలకే, 2015 జులైలో, ఆర్థికమంత్రి జార్జ్ ఆస్‌బోర్న్ నాలుగేళ్ల పాటు ఏటా 1 శాతం అద్దె తగ్గించాలని ప్రకటించాడు. వారానికి 100 పౌండ్ల అద్దె నాలుగేళ్ల తర్వాత 96 అయింది. మాట ఇచ్చిన దారిలో వెళ్తే ఉండాల్సిన దానికంటే 2020 నాటికి అద్దె రాబడి సుమారు 12 శాతం తక్కువ.

అద్దె తగ్గితే అద్దెదారుకి మేలేగా అనిపిస్తుంది. సొంతంగా కట్టుకునేవాళ్లకు కొంత మేలే. కానీ కౌన్సిల్ అద్దెల్లో పెద్ద భాగం ప్రభుత్వ సాయంతో కట్టేవే. అక్కడ మిగిలింది ఖజానాకి, తగ్గింది మరమ్మతుల డబ్బుకి. తేమ పట్టిన గోడ పక్కన పడుకునే పిల్లకు ఆ తగ్గింపుతో ఒరిగిందేమీ లేదు.

2017 జూన్ 14న కెన్సింగ్టన్ అండ్ చెల్సీ కౌన్సిల్‌కు చెందిన గ్రెన్‌ఫెల్ టవర్‌లో మంటలు అంటుకుని 72 మంది ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత వచ్చిన అగ్నిభద్రతా నియమాలు, 2025 అక్టోబరు నుంచి తేమ, బూజు ఫిర్యాదులకు గడువు పెట్టిన అవాబ్ చట్టం (బూజు పట్టిన ఇంట్లో చనిపోయిన పసివాడి పేరు అది) రెండూ రావాల్సినవే, ఆలస్యంగా వచ్చినవే. వాటి ఖర్చు 2012 లెక్కలో లేదు. 2018లో ప్రధాని థెరిసా మే అప్పుల పరిమితి ఎత్తేసింది గానీ, అప్పు తీర్చాల్సింది అదే తగ్గిన అద్దెతో. 2022లో ధరలు 10 శాతం పైగా ఎగిసినప్పుడు సూత్రం ప్రకారం 11.1 శాతం పెరగాల్సిన అద్దెను 7 దగ్గర ఆపారు. అద్దెదారులను కాపాడటం సరైన పనే. ఆ లోటును ఖజానా పూడ్చకపోవడం సరైంది కాదు.

2024లో లండన్ నగరంలోని సదర్క్ కౌన్సిల్ ముందుండి వందకు పైగా కౌన్సిళ్లతో కలిసి ఒక నివేదిక ఇచ్చింది. 2028 నాటికి ఈ ఖాతాల్లో 220 కోట్ల పౌండ్ల లోటు వస్తుందని అందులో అంచనా వేశారు. ఇల్లు లేని కుటుంబాలను తాత్కాలిక గదుల్లో ఉంచడానికి ఇంగ్లండ్ కౌన్సిళ్లు 2023-24లో, ఆ ఒక్క ఏడాదిలో, పెట్టిన ఖర్చు దాదాపు 230 కోట్లు. అది కంచెకు అవతలి ఖాతా, అందుకే ఈ రెండు అంకెలు ఒకే పేజీలో కనిపించవు.

2024 నవంబరులో కొనుగోలు రాయితీని బాగా కోసేశారు. 2025 జూన్‌లో, 2026 నుంచి పదేళ్ల పాటు ధరల పెరుగుదల కంటే ఏటా 1 శాతం ఎక్కువగా అద్దె పెరుగుతుందని, పదేళ్లలో ఇళ్లకు 3,900 కోట్ల పౌండ్లు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. కౌన్సిళ్లు అడిగిన మరో పని, 2012 నాటి అప్పు లెక్కను తిరిగి తెరవడం, జరగలేదు. ఖాతా సరిచేసుకోవడానికి కొన్ని కౌన్సిళ్లు కొత్త కట్టడాలను వాయిదా వేశాయి. కొన్ని, ఖాళీ అయిన పాత ఇళ్లను ఒక్కొక్కటిగా అమ్ముతున్నాయి. ఎప్పుడో అప్పు తీరి, అద్దె మాత్రమే తెచ్చిపెట్టే ఇళ్లను.